బడి గంట మ్రోగిన పిమ్మట

సాయంకాలము నాలుగు గంటలు దాటిన కొంతసేపటికి మన గ్రామములందలి యున్నత పాఠశాలలలో కడపటి గంట మ్రోగును. చూచుచుండగనే ప్రాంగణము శూన్యమగును. ద్వారమునకు తాళము పడును. తాళమునకు లోపల గ్రంథముల బీరువాయు, బంతులును, ప్రయోగశాలయు, విశాలమైన మైదానమును మిగిలిపోవును. తాళమునకు వెలుపల వాని కన్నిటికిని హక్కుదారులైన పిల్లలు మిగిలిపోవుదురు. ప్రజల ధనముతో నిర్మించిన భవన మిట్లు దినములో మూడింట రెండు వంతుల కాలము మూతబడి యుండగా, పిల్లలు రచ్చకడ గోడల నానుకొని చేతియందలి సెల్‌ఫోనునకు తల వంచి కూర్చుందురు.

పట్టణమునకు బోయి చూచినచో కథ తారుమారగును. అచ్చట తాళము లోపలివైపున నుండును. ఆరవ తరగతిలో కాలు పెట్టిన పిల్లవానికే యింజనీరింగు ప్రవేశపరీక్షకు “ఫౌండేషన్” అను పేర పునాదులు త్రవ్వుచున్నారు. తెల్లవారక మునుపు లేచినవాడు దీపములు పెట్టిన తరువాత గాని యిల్లు చేరడు. వసతిగృహమున నున్నవాడు చీకటిపడిన పిమ్మటను పుస్తకము మూయడు. పల్లెలో బిడ్డను బయట నుంచి తాళము వేయుచున్నాము. పట్టణములో లోపల నుంచి తాళము వేయుచున్నాము. రెండు చోట్లను బిడ్డ పోగొట్టుకొనుచున్నది యొక్కటే: తన సాయంకాలము.

కోచింగు కేంద్రములలో పదునారేండ్లు నిండనివారిని చేర్చుకొనరాదని కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో మార్గదర్శక సూత్రములను వెలువరించెను. సంతోషమే. కాని మన తెలుగునాట నీ వలకు చిక్కని చేప యొకటి గలదు. ఇచ్చట కోచింగు కేంద్రము పాఠశాల వేషమున నున్నది. పగలు బడియు సాయంకాలము కోచింగును ఒకే కప్పు క్రింద, ఒకే రుసుముతో, ఒకే ప్రకటనపై నడచుచుండగా ఏది బడియో యేది కోచింగో యే యధికారి వేరుచేసి చూపగలడు?

“సాయంకాలము పోయిన నేమి? చదువు వచ్చుచున్నది గదా!” యని కొందరందురు. చదువనగా నేమి యను ప్రశ్నయే యిచ్చట గలదు. పాఠము వినుట యొక విద్య. పదుగురితో గూడి యొక పని నెగ్గించుట మరియొక విద్య. మొదటిదానికి గురువును పుస్తకమును గలవు. రెండవదానికి సంఘము దక్క వేరు గురువు లేడు. పిల్లలు తామై యొక నాటక సంఘమునో, సాహిత్య సభనో, విజ్ఞాన మండలినో, కబడ్డీ జట్టునో కూర్చుకొన్నప్పుడు అందొకడధ్యక్షుడగును, ఒకతె కార్యదర్శి యగును, మరియొకరు చందా లెక్కలు వ్రాయుదురు. తనకు నచ్చని తీర్మానమునకు లోబడుటయు, ఓడిన పిమ్మట గెలిచినవానితో పని చేయుటయు, కూడబెట్టిన యిరువది రూపాయలకు లెక్క చెప్పుటయు వారచ్చట నేర్తురు. స్వరాజ్యమనగా నింతకంటె వేరే మున్నది? పదునెనిమిదవ యేట ఓటు చేతికిచ్చి, అంతవరకు ఒక్క సభలోనైన కూర్చుండనీయని విద్య పౌరుల నెట్లు తయారు చేయగలదు?

ఇంకొక మాట చెప్పవలసియున్నది. చెప్పుటకు కష్టమైన మాట. పగలు తరగతిలో నన్ని వాడల పిల్లలును ఒకే బల్లపై కూర్చుందురు. గంట మ్రోగగనే యెవరి వాడకు వారు పోవుదురు. ఊరు కులములవారీగా విభజింపబడియున్న చోట సాయంకాలమును కులములవారీగనే గడచును. ఆట, పాట, నాటకము, గ్రంథాలయము అను నాల్గింటి యందే పిల్లలు తమ వాడ హద్దు దాటి యొండొరులను నెరుగుదురు. బడిలో నేర్పిన సమానత్వమునకు బడి వెలుపల నిల్వ నీడ యుండవలెనన్న సాయంకాల సంఘములే శరణ్యము.

ఇది మన కెరుగని త్రోవ గాదు. 1907లో బిపిన్ చంద్ర పాలుగారు రాజమహేంద్రవరమున నుపన్యసించిన పిమ్మట, వందేమాతర చిహ్నములు ధరించిన నేరమునకు విద్యార్థులను కళాశాల నుండి వెడలగొట్టిరి. వారిలో గాడిచర్ల హరిసర్వోత్తమరావుగా రొకరు. ఆయనయే తరువాత గ్రంథాలయోద్యమమునకును వయోజన విద్యకును పెద్దదిక్కయ్యెను. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పి, పుస్తకవిద్యతోపాటు చేతిపనులకును చిత్రలేఖనమునకును పీట వేసిరి. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయ మహాసభ కూడెను. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు మండలమున కాలువ పడవపైననే గ్రంథాలయమును నడిపించిరి. స్కౌటు దళములలో భారతీయ బాలురకు చోటు లేకున్న కాలమున, 1916లో, అనీబిసెంటమ్మ మదరాసులో భారతీయ బాలుర కొరకు ప్రత్యేక స్కౌటు సంఘమునే స్థాపించెను. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1940లో ఆంధ్ర బాలానంద సంఘమును, 1945లో “బాల” పత్రికను స్థాపించి, రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్యలై తెలుగు పిల్లలచేత మాటలాడించిరి, పాడించిరి. వీరిలో ననేకులకు ప్రభుత్వపు అండ లేదు. కొందరికి ప్రభుత్వమే యడ్డు. అయినను సాయంకాలమును సంపాదించుకొనిరి. నేడు ప్రభుత్వము మనది. సాయంకాలము మాత్రము మన బిడ్డలది గాదు!

అవకాశము దొరికిన బిడ్డ యెంత దూరము పోగలదో మన కన్నులయెదుటనే చూచితిమి. నిజామాబాదు జిల్లాలోని పాకాల గ్రామమున గిరిజన కుటుంబమున బుట్టిన మాలావత్ పూర్ణ, సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థినియై, పదునాల్గేండ్లు నిండకమునుపే 2014 మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరము నధిరోహించెను. వరంగల్లు జిల్లా కల్లెడలో నిరుపేద కుటుంబమున బుట్టిన జీవంజి దీప్తి 2024లో ప్యారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము నందుకొనెను. ఆమె పరుగును మొట్టమొదట గుర్తించినది పాఠశాల మైదానమున నిలిచియున్న యొక వ్యాయామోపాధ్యాయుని కన్ను. ఆ మైదానమునకు తాళమే పడియున్నచో? ఆ యుపాధ్యాయుని యుద్యోగమే ఖాళీగ నున్నచో? అయితే పతకముల కొరకే సంఘములని మేమనుట లేదు. కోటికొకరు శిఖర మెక్కుదురు. తక్కినవారందరును మంచి పొరుగువారు, మంచి పంచాయతీ సభ్యులు, మంచి తలిదండ్రులు కావలసియున్నది. సంఘము ముఖ్యముగా వారి కొరకే.

చట్టములకు మన దేశమున కొరత లేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టపు షెడ్యూలులోనే ప్రతి పాఠశాలకును ఆటస్థలమును గ్రంథాలయమును ఉండవలెనని యున్నది. ఆరు మొదలు ఎనిమిదవ తరగతి వరకు నూరుగురికి మించి పిల్లలున్న చోట చిత్రకళాదులకు, ఆరోగ్య వ్యాయామములకు, పనివిద్యకు వేర్వేరుగా బోధకులను, పూర్తికాలము గాకున్న కొంతకాలమునకైనను, నియమింపవలెనని వ్రాసియున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానము విజ్ఞానము, గణితము, కవిత్వము, నాటకము, చర్చ, చదరంగము, పర్యావరణము మొదలగువాని కొరకు బడులలో మండలు లుండవలెననియు, ఆరు నుండి యెనిమిదవ తరగతుల నడుమ పది దినములు సంచి లేకుండ బిడ్డలు స్థానిక వృత్తికారుల కడ పని నేర్వవలెననియు చెప్పుచున్నది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలకు బడి యొక్కంటికి ఇరువది లక్షల రూపాయల వరకు సహాయ మేర్పరచిరి.

ఇన్ని యుండియు ఫలమేది? చాల చోట్ల సంఘము కాగితముపై బుట్టి ఛాయాచిత్రముతో మరణించుచున్నది. పర్యావరణ సంఘమునకును, విజ్ఞాన సంఘమునకును, ఆరోగ్య సంఘమునకును ఒకే యుపాధ్యాయుని బాధ్యుని జేయుదురు. ఆయన పిల్లలను వరుసగ నిలువబెట్టి, చేతికొక మొక్క నిచ్చి, చిత్రము తీసి పైకి పంపును. మరునా డా మొక్కకు నీరు పోయువాడుండడు. ఆ మొక్క యేమైనదని పైవా రడుగరు. పోవునేమో యను భయమున యంత్రములను పెట్టెలో పెట్టి తాళము వేయు ప్రధానోపాధ్యాయుని మాత్రమే నిందింపలేము. విరిగిన వస్తువునకు సంజాయిషీ యడుగువారున్నారు గాని, వాడని వస్తువునకు సంజాయిషీ యడుగువారు లేరు.

ఇక ఆక్షేపణలను విచారింతము. “మార్కులు తగ్గునేమో” యని తలిదండ్రుల భయము. సంఘములవలన మార్కులు పెరుగునని మేము వాగ్దానము చేయము. అది మా వాదము గాదు. పదిగంటలు కూర్చున్న బిడ్డకు పదునొకండవ గంట చదువు తలకెక్కదని మాత్రము ప్రతి తల్లియు నెరుగును. ఆరు మొదలు తొమ్మిదవ తరగతి వరకు సాయంకాలము విడిచిపెట్టుడని కోరుచున్నాము. పదవ తరగతివారికి పరీక్షల ముందటి రెండు మూడు నెలలు ప్రత్యేక తరగతులున్న నడ్డు చెప్పము.

“బిడ్డ యింటి పనికి రావలెను” అనునది బీదల మాట. అది నిజమైన మాట. గేదెను తోలుకొని వచ్చు పిల్లవాడును, చంటి తమ్ముని నెత్తుకొను బాలికయు మన బడులలో ననేకులు. కావుననే సంఘము నిర్బంధము కారాదు. వారమునకు రెండు దినములు, దినమునకు గంటన్నర చాలును. చిన్న తమ్ముని చంకనెత్తుకొని వచ్చినను రమ్మనవలెను. “ఉపాధ్యాయులకు భారమగును” అనునది మూడవ యాక్షేపణ. అదియు నిజమే. అందుచేత భారమును వారిపై మోపుట గాక, ఊరిలోని విద్యను బడిలోనికి బిలువవలెను. ప్రతి యూరను ఒక నాదస్వర విద్వాంసుడో, నేతగాడో, కోలాటపు గురువో, విద్యుత్ మెకానిక్కో, విశ్రాంతి పొందిన యుపాధ్యాయుడో యుండకపోడు. చట్టము చెప్పిన బోధకుల స్థానమున వీరికి గౌరవ వేతనమిచ్చి పిలిచిన, బిడ్డలకు విద్యయు వృత్తులకు మర్యాదయు నొక్కమారే కలుగును.

అన్నిటికంటె గొప్ప చిక్కు బాలికలది. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట మూడు మైళ్లు నడచి పోవలసిన బిడ్డను ఏ తల్లి నిలుపును? దారి సంగతి చూడకుండ సంఘములు పెట్టినచో నవి మగపిల్లల సంఘములే యగును. బస్సు వేళను బడి వేళకు గాక సంఘము వేళకు సరిపుచ్చవలెను. ఎల్లప్పుడును ఇద్దరు పెద్దలు, అందొకరు స్త్రీ, ప్రాంగణమున నుండవలెను. మైదానమున సగభాగము బాలికలదని వ్రాతమూలకముగ నిర్ణయింపవలెను. లేనిచో క్రికెట్టు ఆడు బాలురు మొత్తమును ఆక్రమింతురు.

ఆకలి సంగతి మరువరాదు. మధ్యాహ్న మన్నము తిన్న బిడ్డ సాయంకాలమునకు మరల నాకలిగొనును. 2025లో తెలంగాణ ప్రభుత్వము పరీక్షలకు ముందు ప్రత్యేక తరగతులకు నిలిచిన పదవ తరగతి పిల్లలకు సాయంకాల ఫలాహార మిచ్చెను. పరీక్ష కొరకు నిలిచిన బిడ్డ యాకలి కనబడినప్పుడు, పరుగు కొరకు నిలిచిన బిడ్డ యాకలి యేల కనబడరాదు? ఆంధ్రప్రదేశమున మధ్యాహ్న భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టుకొన్నాము. ఆ తల్లి ఆకలితో వచ్చినవానిని వేళ యడిగి యుండదు. గుప్పెడు గుగ్గిళ్లు, ఒక బెల్లపు ముక్క యే ఖజానాను క్రుంగదీయవు.

ఒక హెచ్చరిక. పిల్లల సంఘము పెద్దల పక్షములకు పాఠశాల కారాదు. కులము పేరను, పార్టీ పేరను, దాత పేరను సంఘము వెలసిన దినముననే అది చచ్చినదని తెలియవలెను. పెద్దలు దీపము పెట్టవచ్చును, దారి చూపవచ్చును. అధ్యక్షపీఠమున మాత్రము పిల్లలే కూర్చుండవలెను. వారు తప్పులు చేయుదురు గాక! తప్పు చేయుటకు బాల్యమంత చౌకయైన కాలము మరల రాదు.

ప్రభుత్వ మాజ్ఞ యిచ్చువరకు నోరు తెరచుకొని యుండనక్కర లేదు. విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాలకు తలిదండ్రులతో గూడిన యాజమాన్య సంఘమొకటి గలదు. రాబోవు సమావేశమున నొక్క తీర్మానము చేయుడు: వారమునకు రెండు సాయంకాలములు బడి తాళము తీసియుంచవలెనని. తాళపుచెవి కొకరు, ఫలాహారమునకొకరు, దారికిద్దరు, గ్రంథముల బీరువా కొకరు పూనుకొనుడు. తక్కినదంతయు బిడ్డలే చూచుకొందురు. పడవపై గ్రంథముల నెక్కించి కాలువ వెంట నడిపిన జాతికి ఒక బీరువా తలుపు తెరచుట యసాధ్యమా? ఆ బడి గంట విరామమునకు గాక ప్రారంభమునకు మ్రోగు గాక!