సహనివాసములు - సమాచార వినిమయము

బిడ్డలు హైదరాబాదునకో అమెరికాకో వెడలిపోగా పెద్దయింట ఇద్దఱే మిగిలిన దంపతులు మన గోదావరి మండలములందు ఎందఱో కలరు. వీరిలో కొందఱు ఒక్క ప్రాంగణమున వేర్వేఱు గదులును, అందఱికి నొక్క వంటశాలయును గల సహనివాసములందు చేరుచున్నారు. ఉద్దేశము మంచిదే. కాని ఒక నివాసమున కలిగిన అనుభవము పొరుగూరి నివాసమునకు తెలియదు. మొదటివారు పడిన గోతిలోనే రెండవవారును పడుచున్నారు.

చేరునప్పుడు చెల్లించిన ధరావతు, చేరినవారు గతించినచో, ఎవరికి, ఎన్నినాళ్లలో తిరిగి రావలెను? దంపతులలో ఒకరు పోయినచో రెండవవారికి అదే గది నిలుచునా? అర్ధరాత్రి జబ్బుచేసినచో వైద్యునికి కబురంపు బాధ్యత ఎవరిది? మేము చూచిన యొక ఒప్పందమున నాలుగు పుటలు కలవు. మూడు పుటలు వాకిలి మూయు వేళలను గూర్చియు, అతిథులను గూర్చియు. ధరావతును గూర్చి యొక్క పంక్తి! ఆ పంక్తియు తిరిగి యిచ్చుటను గూర్చినది కాదు.

కలసి బ్రదుకుట మనకు క్రొత్త కాదు. సీతానగరమున డాక్టరు బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యముగారు నెలకొల్పిన గౌతమీ సత్యాగ్రహాశ్రమము మన కండ్లయెదుటిదే. 1915లో మహాత్ముడు అహమ్మదాబాదున ఆశ్రమము స్థాపించునప్పుడు నియమావళి చిత్తుప్రతిని మిత్రులకు పంపి అభిప్రాయము లడిగెను. సర్ గురుదాస్ బెనర్జీగారు వినయమును గూడ వ్రతముగ చేర్చుడని వ్రాసిరి. వ్రతమైనచో వినయము వినయము కాకపోవునని గాంధీజీ సందేహించెను. అయినను ఆ సలహాను మఱుగుపఱుపక ఆత్మకథలో వ్రాసియుంచెను.

డెన్మార్కు దేశమున యాన్ గుడ్మన్ హోయర్ అను వాస్తుశిల్పి 1964లో మిత్రులతో తలపెట్టిన సహనివాసము ఇరుగుపొరుగువారి ఆటంకముచే నిలిచిపోయెను. ఆయన ఊరకుండక 1968లో తన యాలోచనను పత్రికాముఖమున ప్రకటించెను. చదివినవారు తామై వచ్చిరి. 1972లో సెట్టెడామెన్ అనుచోట 27 కుటుంబములు కాపురము పెట్టినవి. ఇట్టివానిని చూచివచ్చిన ఇద్దఱు అమెరికను శిల్పులు 1988లో గ్రంథము వ్రాయగా, 1991లో కాలిఫోర్నియాలోని డేవిసు పట్టణమున అట్టి నివాసము వెలసెను. ఓడిన ప్రయత్నమును దాచియుంచినచో ఇంతవఱకు వచ్చియుండునా?

అంతదూర మేల? 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి అధ్యక్షతను జరిగిన గ్రంథాలయ మహాసభ, ఊరూర ఒంటరిగ నున్న పఠనమందిరములను ఒక త్రాటికి తెచ్చినది. నివాసములకు అట్టి పని ఇంకను జరుగవలసియున్నది.

ప్రతి నివాసమును ఏటికొక పత్రము వ్రాయవలెను: తలకు నెలకెంత తిండిఖర్చు, ధరావతు నియమ మేమి, ఎందఱు చేరిరి, ఎందఱు విడిచిపోయిరి, ఏల విడిచిరి. ఈ కడపటి ప్రశ్నయే ముఖ్యము. నిర్వాహకులు జంకునదియు దీనికే. పేరు చెడునని వారి భయము. నివాసుల పేర్లను, జబ్బులను బయటపెట్టుమని మేము కోరుట లేదు. లెక్కలును నియమములును చాలును. భద్రాచలమున గోదావరి 43 అడుగులకు చేరినదన్న కబురు ముందుగ వచ్చుటచేతనే గదా లంకలవారు పశువులను గట్టున కెక్కించుకొనగలుగుచున్నారు! పై యూరివారు తమ వరదను దాచుకొన్నచో క్రిందివారి గతి యేమి?

ఈ పత్రములను ఊరి గ్రంథాలయముననే ఉంచవచ్చును; చేరదలచినవారు ధనము చెల్లింపకముందే చదువుకొందురు. ముందుగ నివాసముల నిర్వాహకులు తమ ఒప్పందపు నకలు నొక్కటి మాకు పంపుదురు గాక. పేర్లు తొలగించి, ధరావతును గూర్చిన భాగమును ఈ పుటయందే వరుసగ ప్రకటింతుము.