చుట్టాలింట్లో దిగండి, ధూళికట్ట చూడండి

బోధ్‌గయ వెళ్లొచ్చిన మనవాళ్లలో ధూళికట్ట చూసినవాళ్లెందరో నాకు అనుమానమే. ఒకప్పటి కరీంనగర్, ఇప్పటి పెద్దపల్లి జిల్లాలో, ఎలిగేడు మండలం పొలాల మధ్య ఉందీ శాతవాహన కాలపు బౌద్ధ స్తూపం. 1970లలో తవ్వకాలు జరిగాయి. పూజారి లేడు, ప్రసాదం లేదు. ఇక్కడ దొరికిన సున్నపురాతి పలకల్లో ఒకదాని మీద ముచిలింద నాగు పడగలు విప్పి ఉంటుంది. అది ఎవరికి గొడుగు పడుతోందో మనమే తెలుసుకోవాలి, ఎందుకంటే బుద్ధుడి బొమ్మ చెక్కే అలవాటు అప్పటికి లేదు. కరీంనగర్‌లో లాడ్జిలో దిగినవాడు వేములవాడ, కొండగట్టు చూసుకుని తిరుగుబస్సు ఎక్కుతాడు. మేనమామ ఇంట్లో దిగితే సకినాల గిన్నె ముందుపెట్టి, “ఆగు అల్లుడా, పొద్దుగాల బండి మీద పోదాం” అంటాడు. వాగు నిండితే ఏ ఊరి మీదుగా తిరగాలో ఆయనకే తెలుసు. ఆదిలాబాద్ చుట్టాలైతే ముందు కుంటాలకే తీసుకెళ్తారు. కడెం వాగు అంత ఎత్తు నుంచి దూకడం చూడాల్సిందే, కాదనను (మెట్లెక్కి తిరిగొచ్చేటప్పుడు మోకాళ్లు కాదంటాయి). కానీ ఖానాపూర్ దగ్గర గోదావరి ఒడ్డున బాదనకుర్తి కూడా చూపించమనండి. 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపాడని బౌద్ధ గ్రంథం సుత్తనిపాతం చెప్పే బావరి ఆశ్రమం అక్కడేనని కొందరు చరిత్రకారుల అభిప్రాయం. ఈ దసరాకు ఊరికి పోతే, జమ్మి పంచుకున్న మర్నాడు పిల్లల్ని వెంటేసుకుని ఒక పూట ధూళికట్టకో బాదనకుర్తికో వెళ్లిరండి.