గాయానికి కూడా అర్జీ పెట్టుకోవాలా?

ఉత్తరంలో రెండే వాక్యాలు. మీరు గాయపడినట్టు మా రికార్డుల్లో నమోదు కాలేదు. తగిన ఆధారాలు జతపరిచి మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. కింద పొడి అక్షరాల సంతకం, గుండ్రటి ముద్ర. ఆధారం అంటే ఏం పంపమని? జాఫ్నాలో పేలిన మందుపాతర ముక్క ఆ మనిషి తొడలోనే ఉంది, ఎక్స్‌రే తీస్తే ఇవాళ్టికీ కనిపిస్తుంది. దాన్ని పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపాలా?

ఆయనది గిద్దలూరు వైపు పల్లె. హవల్దారుగా రిటైరయ్యాడు. ఉత్తరం జిరాక్సు పట్టుకుని ఈ వారం నా దగ్గరికి వచ్చాడు. ఇంతకీ ఆయన అడుగుతున్నది ఊండ్ మెడల్. శత్రువు చేతిలో నేరుగా గాయపడ్డ సైనికుడికి ఇచ్చే పతకం అది. హిందీలో పరాక్రమ్ పదక్ అంటారు. తెల్ల రిబ్బను, నడుమ ఎర్రచార. వీరచక్రకు నెలనెలా భత్యం ఉంది, దీనికి పైసా రాదు.

“డబ్బులే అయితే ఏనాడో ఊరుకునేవాణ్ని సార్. రిపబ్లిక్ డేకి మండలాఫీసుకి పిలుస్తారు, మెడల్స్ పెట్టుకుని పోతాం. కాలికేమైందంటే లంకలో తగిలిందని చెప్తా. మరి ఊండ్ మెడలేదయ్యా అంటాడు పక్కన నిలబడ్డ సుబేదారు. ఏం చెప్పమంటారు?”

గాయమైన క్షణం నుంచీ జరిగిందంతా సర్కారు చేతుల మీదే జరిగింది. మోసుకొచ్చిన హెలికాప్టర్ సర్కారుది. కోసి కుట్టిన డాక్టర్ సైన్యంలో డాక్టర్. పడుకున్న మంచం మిలటరీ ఆస్పత్రిది. మెడికల్ క్యాటగిరీ తగ్గించిన బోర్డూ వాళ్లదే. కేస్ షీట్లన్నీ వాళ్ల బీరువాల్లోకి వెళ్లాయి, ఈయన చేతికి డిశ్చార్జ్ బుక్కొకటి వచ్చింది. అందులో ఒక్క ముక్క రాయాల్సిన గుమాస్తా ఆ పూట మరిచిపోయాడు. ఆ మరుపుకు శిక్ష గాయం తగిలినవాడు అనుభవిస్తున్నాడు.

దానికి తోడు అది ఢిల్లీ తలుచుకోవడానికి ఇష్టపడని యుద్ధం. 1987 జులై 29న కొలంబోలో భారత్, శ్రీలంక ఒప్పందం మీద సంతకాలయ్యాయి. శాంతి కాపాడమని పంపిన జవాన్లు అక్టోబరుకల్లా ఎల్టీటీఈతో వీధి వీధినా పోరాడుతున్నారు. దాదాపు 1,200 మంది పోయారు, 3,000 మందికి పైగా గాయపడ్డారు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసులో దిగితే స్వాగతం చెప్పడానికి ముఖ్యమంత్రి కరుణానిధి రాలేదు. సరే, ఆయన రాజకీయం ఆయనది. ఢిల్లీకేమైంది? మన జవాన్ల పేర్లతో శ్రీలంక ప్రభుత్వం కొలంబో శివార్లలో స్మారకం కట్టింది. మన జాతీయ యుద్ధ స్మారకం తెరిచింది 2019 ఫిబ్రవరిలో. ముందు పరాయి దేశం గుర్తు పెట్టుకుంది, తర్వాతే మనం.

అమెరికాను చూసి నేర్చుకోండని రాసే అలవాటు నాకు లేదు. వాళ్ల పర్పుల్ హార్ట్‌లో ఒక్క సంగతి మాత్రం నచ్చుతుంది. దానికి పై అధికారి సిఫారసు అక్కర్లేదు. శత్రువు చర్యలో గాయపడి, వైద్యం జరిగి, అది నమోదైతే పతకం హక్కుగా వస్తుంది. అలాగని అక్కడ గుమాస్తాలు లేరనుకోవద్దు. 2020 జనవరిలో ఇరాక్‌లోని అల్ అసద్ స్థావరం మీద ఇరాన్ క్షిపణులు పడ్డాయి. పేలుడు అదురుకు మెదడు దెబ్బతిన్నవాళ్లు వందకు పైనే తేలారు. తలనొప్పులట, పెద్ద విషయం కాదని తేల్చేశాడు అధ్యక్షుడు ట్రంప్. మొదట పతకం దక్కింది 29 మందికి. పత్రికలవాళ్లు వెంటపడితే 2021 డిసెంబరులో ఇంకో 39 మందికి ఇచ్చారు.

అదే దేశంలో 1973 జులైలో సెయింట్ లూయిస్ రికార్డుల భవనం అంటుకుని కోటీ అరవై లక్షలకు పైగా సైనికుల ఫైళ్లు బూడిదయ్యాయి. పాత జీతాల వోచర్లు, ఆస్పత్రి జాబితాలు పోగేసి ఆ ఫైళ్లను మళ్లీ కూర్చే పని ఇప్పటికీ చేస్తున్నారు. మన హవల్దారు ఫైలు తగలబడిందని ఎవరూ అనలేదు. బీరువా తెరవడానికే బద్ధకం.

ఈ శీర్షిక చదివేవాళ్లకు నా పాత గోల తెలుసు. సర్కారు తన దగ్గరున్న కాగితాన్నే మనల్ని తెచ్చివ్వమంటుంది. నవంబరు వస్తే పింఛనుదారు తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. చావులు నమోదు చేసేది పంచాయతీ, మున్సిపాలిటీ. అవేమైనా పరాయి రాజ్యాలా? జీవన్ ప్రమాణ్ వచ్చాక వేలు పెడితే చాలన్నారు. నాగలి పట్టిన వేలికి, అంట్లు తోమిన వేలికి ముద్ర మిగిలి ఉంటుందా అని ఎవరూ ఆలోచించలేదు. గీతలు అరిగిన మా మేనత్త మిషను ముందు కూర్చుని వేళ్లన్నీ మార్చి మార్చి పెట్టింది. ఎదురుగా ఉన్న మనిషిని వదిలేసి మిషను మాటే నమ్మాడు అక్కడ కూర్చున్న కుర్రాడు.

దొంగ గాయాలతో వచ్చేవాళ్లుంటారు కదా అంటారు. ఉంటారు, పట్టుకోండి. కానీ నిరూపించే భారం ఎవరిదన్నది ధరమ్‌వీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2013లోనే తేల్చింది. చేర్చుకునేనాడు జబ్బేమీ రాసుకోకుండా చేర్చుకున్నాక, తర్వాత వచ్చిన వైకల్యానికి సర్వీసుతో సంబంధం లేదని చూపించాల్సింది ప్రభుత్వమేనంది. అది పింఛను కేసు, నిజమే. డబ్బున్న చోట చెల్లే న్యాయం డబ్బు లేని పతకం దగ్గర చెల్లదా? హవల్దారు పడుకున్న నెలల ఆస్పత్రి అడ్మిషన్ రిజిస్టరు తెరిపిస్తే ఒక పూట పని.

మరో పక్క మన ఊళ్లలో గౌరవాలకేం కరువు లేదు. ఉగాది వస్తే చాలు, ఏ కళావేదిక చూసినా పురస్కారాలే. శాలువా, జ్ఞాపిక, పూలదండ, మర్నాడు జిల్లా ఎడిషన్‌లో ఫొటో. ఎంట్రీ ఫీజు కట్టినవాడికి విశిష్ట సేవా రత్న, ఇంకొంచెం ఎక్కువ కట్టినవాడికి ఏ మ్యాపులోనూ లేని విశ్వవిద్యాలయం నుంచి గౌరవ డాక్టరేట్. ఆ సాయంత్రమే ఇంటి గేటు మీద పేరుకు ముందు ‘డా.’ చేరిపోతుంది, వీధి మొదట్లో నిలువెత్తు ఫ్లెక్సీ లేస్తుంది. ఆధారాలు జతపరచమని అడిగే దిక్కు ఉండదు. అంతదాకా ఎందుకు, పద్మ పురస్కారానికి ఎవరికి వారే నామినేషన్ వేసుకోవచ్చు, నిబంధనల్లోనే ఉంది. స్వాతంత్ర్య దినాన వేదిక మీద దేశభక్తి పాటలకు చప్పట్లు కొట్టే పెద్దమనుషుల్లో సగం మంది బీరువాల్లో శాలువాలు మడతలు విప్పకుండానే పడి ఉంటాయి. అవన్నీ ఎర్రచార రిబ్బను ఒక్కదానికి సరితూగవని వాళ్లకు తెలియకపోదు.

పాత హవల్దార్ల సంగతి ఇలా ఉంటే కొత్తవాళ్లు వస్తున్నారు. అగ్నివీరుల మొదటి బ్యాచ్‌కు నాలుగేళ్ల సర్వీసు 2026 ఆఖరుకు నిండుతుంది. నూటికి పాతిక మందిని మించి ఉంచుకోరు, మిగిలినవాళ్లకు పింఛను లేదు. సర్వీసు వల్ల నూరు శాతం వైకల్యం వస్తే 44 లక్షలు, 75 శాతానికి 25, 50 శాతానికి 15 లక్షలు అని పట్టిక వేశారు. ఆ లెక్క నడిచేదీ కాగితం మీదే. పాతికేళ్లయినా నిండని కుర్రాడికి కేస్ షీటు దాచుకోవాలని ఎవరు చెబుతారు? వాడు గేటు దాటే రోజునే ఆస్పత్రి కాగితాల నకళ్లన్నీ సంతకం తీసుకుని చేతికివ్వండి. గాయం తగిలినవాడికి పతకం యూనిట్లోనే, తోటివాళ్ల ముందే పెట్టి పంపండి. ఆ దరఖాస్తు ఫారమేదో కమాండింగ్ ఆఫీసరే నింపుకోవాలి.