పిల్లల పుస్తకం ముందు మీరు చదవండి

వేసవి సెలవులు దగ్గరపడగానే తల్లిదండ్రులు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "మా అమ్మాయి ఆరో తరగతి. మంచి పుస్తకాలేవైనా చెప్పండి." ఆ వెంటనే ఇంకో మాట చేరుస్తారు. "నాలుగు మంచి విషయాలు నేర్చుకునేట్టు ఉండాలి." ఆ రెండో మాట దగ్గరే నాకు పేచీ. ఆ షరతు పెట్టుకుని పుస్తకాల షాపుకి వెళ్ళినవాళ్ళు తెచ్చేవి దాదాపు ఒకేలా ఉంటాయి. వంద నీతికథలు, మహనీయుల జీవితాలు, జనరల్ నాలెడ్జి, వ్యక్తిత్వ వికాసం. అట్ట మీద రంగులు, లోపల సన్నటి అక్షరాలు, ప్రతి కథ చివరా ఒక ఉపదేశం. పిల్ల రెండు పేజీలు తిప్పి పక్కన పెడుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు "ఈ కాలం పిల్లలు చదవరండీ" అని తేల్చేస్తారు. ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. మనం ఎంచిన పుస్తకంలో ఆమె కోసం రాసింది ఏమీ లేదు.

పిల్లల పుస్తకానికి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. కొన్న పెద్దవాళ్ళు ముందు దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇష్టంగా చదవగలగాలి. మనకే విసుగు పుట్టించిన పుస్తకాన్ని ఆముదంలా పిల్లల చేత తాగించకూడదు. ఈ పరీక్ష పెట్టి చూస్తే షాపులో సగం పుస్తకాలు పక్కకి పోతాయి. మిగిలినవి తక్కువేమీ కావు. వాటిలో నేను గట్టిగా చెప్పగలిగిన కొన్నిటి గురించి రాస్తున్నాను.

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంట్లో అన్నిటికంటే ముందు ఉండవలసింది 'రైలుబడి'. జపాన్‌కి చెందిన తెత్సుకో కురొయనాగి తన చిన్నతనం గురించి రాసి 1981లో అచ్చువేసిన 'తొత్తోచాన్'కి ఇది తెలుగు రూపం. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు వేశారు. అల్లరి భరించలేక ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేసిన తొత్తోచాన్ అనే పిల్లని వాళ్ళమ్మ టోక్యోలోని టొమోయె అనే చిన్న బడికి తీసుకెళుతుంది. అక్కడ పాత రైలుపెట్టెలే తరగతి గదులు. హెడ్మాస్టరు కొబయాషి తల్లిని ఇంటికి పంపించి, కుర్చీ లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చుని, నీకు చెప్పాలనిపించినవన్నీ చెప్పమంటాడు. ఆ పిల్ల నాలుగు గంటలు చెబుతుంది. ఆయన నాలుగు గంటలూ వింటాడు. ఒక్కసారి ఆవలించడు, ఒక్కసారి గడియారం వైపు చూడడు. పెద్దవాళ్ళు తమ మాట వినాలని పిల్లలు ఎంతగా కోరుకుంటారో ఆ ఒక్క ఘట్టంలో తెలిసిపోతుంది. ఇంకోచోట, పోలియో వచ్చిన స్నేహితుణ్ణి చెట్టెక్కించడానికి తొత్తోచాన్ నిచ్చెన ఈడ్చుకొచ్చి చెమటలు కక్కుతూ పడే అవస్థ ఉంది. అది చదువుతున్నంతసేపూ వాడు పైకి చేరతాడా లేదా అని పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. జాలి గురించి, సమానత్వం గురించి రచయిత్రి అక్కడ ఉపన్యాసమేమీ ఇవ్వదు. ఇవ్వనక్కర లేకుండానే అవి పిల్లలకి అందుతాయి. రెండో ప్రపంచ యుద్ధపు చివరి రోజుల్లో విమానాల దాడిలో ఆ బడి కాలిపోయింది. యుద్ధం అంటే ఏమిటో చరిత్ర పాఠం కంటే ముందు ఇక్కడ తెలుస్తుంది. ఉపాధ్యాయులైన పాఠకులకి ఒక విన్నపం. మీ తరగతి పిల్లల కోసమని కాకుండా, మీ కోసమే ఒకసారి చదవండి.

ఇంకా చిన్నవాళ్ళకి, అంటే రెండు మూడు తరగతుల వాళ్ళకి, అలెగ్జాండర్ రాస్కిన్ రాసిన 'నాన్నారి చిన్నతనం' చదివి వినిపించండి. జబ్బుపడి మంచంలో ఉన్న కూతురికి తండ్రి తన చిన్ననాటి తెలివితక్కువ పనులన్నీ ఒక్కొక్కటిగా చెబుతాడు. ప్రపంచంలో ఏ పిల్లలకైనా వాళ్ళ నాన్న పొరపాట్లు చేశాడని వినడం కంటే ఆనందం ఉండదు. ఉప్పల లక్ష్మణరావు వంటివాళ్ళు మాస్కోలో ఉండి రష్యన్ పుస్తకాల్ని తెలుగు చేసిన కాలంలో ఇలాంటివి గట్టి అట్టలతో, అందమైన బొమ్మలతో, చాలా తక్కువ ధరకి విశాలాంధ్ర దుకాణాల్లో దొరికేవి. సోవియట్ యూనియన్‌తో పాటే ఆ రాక ఆగిపోయింది. ఆ లోటును కొంతైనా తీరుస్తున్న సంస్థ తార్నాకలోని 'మంచి పుస్తకం'. రష్యన్ పిల్లల కథలు కొన్నిటిని మళ్ళీ అచ్చులోకి తెచ్చింది. ఇతర భాషల మంచి బొమ్మల పుస్తకాల్ని తెలుగు చేస్తోంది. అమెరికా తెలుగువాళ్ళ సంఘం తానాతో కలిసి పోటీలు పెట్టి తెలుగులో కొత్తగా రాయిస్తోంది, బొమ్మలు వేయిస్తోంది. ధరలు కూడా మధ్యతరగతికి భారం కానివే.

'బుడుగు' గురించి వేరే చెప్పాలి. ముళ్ళపూడి వెంకటరమణ 1950ల్లో రాసింది, బాపు బొమ్మలు వేసింది. ఇంట్లో తాతలూ నాన్నలూ మురిసిపోయి పిల్లల చేతిలో పెడతారు, పిల్లలు నాలుగు వాక్యాలకే ఆగిపోతారు. అది నోటిమాటగా రాసిన పుస్తకం, చెవితో వినాలి. అందులోని ఇంటి వాతావరణం, ఆ పిలుపులు ఇప్పటి పిల్లలకి కొత్త. పెద్దవాళ్ళు గొంతు మార్చి చదివితే గది నవ్వులతో నిండిపోతుంది. వాళ్ళంతట వాళ్ళే చదువుకునే వయసు వచ్చేసరికి దాని రుచి తెలిసి ఉంటుంది.

చందమామ విషయంలోనూ పెద్దవాళ్ళ మురిపెం కొంత అడ్డొస్తుంది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన ఆ పత్రికని కొడవటిగంటి కుటుంబరావు దశాబ్దాల పాటు నడిపారు. అంత తేటగా కథ చెప్పే వచనం పిల్లల కోసం తెలుగులో మళ్ళీ అంత విస్తారంగా రాలేదని నా నమ్మకం. దాని పాత సంచికలు ఇప్పటికీ ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. కానీ అక్కడితో ఆగితే పిల్లలకి రాజులు, మంత్రులు, బేతాళులు తప్ప తమ వీధి కనిపించదు. తమ ఇల్లు, తమ యాస, తమ అమ్మ వండే కూర పుస్తకంలోకి ఎక్కదగినవని వాళ్ళకి తెలియాలి.

అందుకే ఏడో తరగతి దాటిన పిల్లలకి మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' ఇవ్వమంటాను. నెల్లూరు సీమ యాసలో ఒక మామూలు ముస్లిం కుటుంబం, ఆ ఇంటి పిల్లవాడి కళ్ళతో. చదివిన పిల్లలు పక్కింటి స్నేహితుడి పండగని, వాళ్ళమ్మ మాటని కొత్తగా వింటారు. నామిని సుబ్రమణ్యం నాయుడు 'సినబ్బ కతలు' చిత్తూరు పల్లె యాసని దాని పూర్తి బలంతో చూపిస్తాయి. యాస అర్థం కాదేమోనని భయపడే తల్లిదండ్రులకి ఒక మాట. రెండు కతలు దాటేసరికి పిల్లల చెవి సర్దుకుంటుంది, మనకే ఇంకా సమయం పడుతుంది. హైదరాబాద్‌లోని అన్వేషి సంస్థ 2008లో తెలుగు, మలయాళం, ఇంగ్లీషు భాషల్లో తెచ్చిన పిల్లల కథల వరసలో గోగు శ్యామల కథ ఒకటుంది. తెల్లవారకముందే మడికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళే బాలమణి అనే పిల్ల, తన మీదికి వచ్చిన దొరకి ఎదురు తిరుగుతుంది. దాన్ని హైస్కూలు పిల్లలకే ఇవ్వాలి, ఇచ్చాక వాళ్ళతో కూర్చుని మాట్లాడాలి కూడా. పాఠ్యపుస్తకాల్లో తమలాంటి వాళ్ళు కనిపించని పిల్లలకి ఇలాంటి కథ ఎంత ధైర్యమో, మిగతా పిల్లలకి అంత అవసరం.

సైన్సు మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి మహీధర నళినీమోహన్ పుస్తకాలు, ముఖ్యంగా 'క్యాలెండర్ కథ'. జనవిజ్ఞాన వేదిక నడిపే 'చెకుముకి' పత్రికకి చందా కట్టండి. చెన్నేకొత్తపల్లి దగ్గర టింబక్టు బడి నుంచి 2008లో మొదలైన 'కొత్తపల్లి' పత్రికలో పిల్లలు రాసిన కథలు, పిల్లలు వేసిన బొమ్మలు ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా చదవొచ్చు. ప్రథమ్ బుక్స్ వారి 'స్టోరీవీవర్'లో కూడా వందలాది తెలుగు కథలు ఉచితంగానే ఉన్నాయి.

ఇక్కడ పట్టణాల్లోని తల్లిదండ్రులు ఒక అభ్యంతరం చెబుతారు. "మావాడు ఇంగ్లీషు మీడియం. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు." నిజమే. డాలస్‌లో తెలుగు నేర్పే మనబడికి వెళ్ళే పిల్లవాడిదీ, కూకట్‌పల్లిలో కార్పొరేటు బడికి వెళ్ళే పిల్లవాడిదీ ఇప్పుడు ఒకే ఇబ్బంది. వాడి బుద్ధికి పన్నెండేళ్ళు, తెలుగు చదివే వేగానికి ఆరేళ్ళు. వాడి చేతిలో కాకి, నక్క బొమ్మల పుస్తకం పెడితే చిన్నతనంగా ఉంటుంది. నవల పెడితే ఒత్తులు, గుణింతాల దగ్గరే అలిసిపోతాడు. దీనికి నాకు తెలిసిన దారి చదివి వినిపించడమే. రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు చాలు. పుస్తకం మీ చేతిలో ఉండాలి, వాడి కళ్ళు కూడా పేజీ మీద ఉండాలి. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు ఆపేసి, మిగతాది రేపు అనండి. కొన్నాళ్ళకి రేపటిదాకా ఆగలేక తనే అందుకుంటాడు. పదేళ్ళు దాటాక చదివి వినిపించడం ఏమిటని మొహమాటపడకండి. పెద్ద పిల్లలకి కూడా అది చాలా ఇష్టం.

వాడు ఇంగ్లీషులో చదువుకునేదాన్ని చూసి మూతి ముడవకండి. 'డైరీ ఆఫ్ ఎ వింపీ కిడ్' చదివినా, హ్యారీ పాటర్ నాలుగోసారి చదివినా అది చదవడమే. కామిక్స్ కూడా చదవడమే. నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేసే హక్కు, నచ్చినదాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకునే హక్కు మనకున్నట్టే వాళ్ళకీ ఉన్నాయి. చదివిన ప్రతిదానికీ సారాంశం రాయించే అలవాటు కొన్ని బళ్ళలో ఉంది. అది ఆపాలి. కథ అయిపోగానే పరీక్ష ఉందని తెలిసిన పిల్లలు కథలోకి దిగరు, జవాబులు వెతుక్కుంటారు.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే పైన చెప్పిన పుస్తకాలన్నీ కొనగలిగిన ఇళ్ళు తక్కువ. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనం కడుతూనే ఉన్నాం. ఆ డబ్బుతో మన ఊరి శాఖా గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు ఉండాలని అడిగే హక్కు మనది. 2009 విద్యాహక్కు చట్టం ప్రతి బడిలోనూ గ్రంథాలయం ఉండాలని, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలని స్పష్టంగా చెప్పింది. సమగ్ర శిక్ష పథకం కింద ప్రభుత్వ బడులకి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా పుస్తకాల గ్రాంటు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో 'చదవడం మాకిష్టం' పేరుతో కార్యక్రమం కూడా మొదలుపెట్టారు. పుస్తకాలు చేరిన బళ్ళు చాలానే ఉన్నాయి. చిరిగితే లెక్క చెప్పాల్సి వస్తుందన్న భయంతో వాటిని బీరువాలో పెట్టి తాళం వేసిన బళ్ళూ ఉన్నాయి. అధికారులు ముందు ఆ భయం తీర్చాలి. చిరిగిన పుస్తకం అంటే చదివిన పుస్తకమని రాతపూర్వకంగా చెప్పాలి. నలిగిపోయిన పుస్తకాలకి ఉపాధ్యాయుల జీతంలోంచి కోత ఉండదని హామీ ఇవ్వాలి.

ఈ సెలవుల్లో పిల్లల్ని దగ్గర్లోని గ్రంథాలయానికో, పుస్తకాల షాపుకో తీసుకెళ్ళండి. ఒకటి మీరు ఎంచండి, రెండు వాళ్ళని ఎంచుకోనివ్వండి. మీరు ఎంచినదాన్ని ముందు మీరు చదవండి. జూన్‌లో బడి తెరిచాక జరిగే తల్లిదండ్రుల సమావేశంలో మార్కుల గురించి అడిగే ముందు, పోయిన ఏడాది గ్రంథాలయం నుంచి మా తరగతి పిల్లలు ఎన్ని పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నారో చెప్పమని హెడ్మాస్టరు గారిని అడగండి.