అమ్మమ్మ అడిగిన జుట్టు ప్రశ్న

సంక్రాంతి సెలవులకి అవనిగడ్డ వెళ్ళాను. తలంటుకుని అరుగు మీద కూర్చుంటే అమ్మమ్మ చిక్కు తీస్తూ అడిగింది. "తడిసిన జుట్టు పాయలు పాయలుగా అంటుకుపోద్ది. మా చిన్నప్పుడు కాలవలో మునిగితే మాత్రం నాచులాగా విచ్చుకునేది. నీళ్ళే అంటించేట్టయితే నీళ్ళలో ఇంకా అంటుకోవాలి గదే?"

"అది సర్ఫేస్ టెన్షన్ అమ్మమ్మా" అన్నాను గొప్పగా.

"అంటే?"

ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం నాది. డెఫినిషన్ నోటికొచ్చు, యూనిట్ కూడా వచ్చు. అమ్మమ్మకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేకపోయాను. నాకు తెలుగు మాటలు తెలియక అనుకున్నాను. రాత్రి పడుకుని ఇంగ్లీషులో చెప్పుకుని చూశాను. అప్పుడూ రాలేదు. అంటే నాకు అసలు విషయమే రాదు. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఇంగ్లీష్ మాటల వెనక దాక్కుంది.

తర్వాత కూర్చుని నేర్చుకున్నాను. నీటికీ గాలికీ మధ్య ఉండే పైపొర సాగదీసిన రబ్బరులాగా ఎప్పుడూ ముడుచుకోవాలనే చూస్తుంది. రెండు వెంట్రుకల మధ్య నీళ్ళు నిలిస్తే, అవి దగ్గరకొస్తేనే ఆ పొర చిన్నదవుతుంది. అందుకని వాటిని లాగి కలిపేస్తుంది. కాలవలో మునిగినప్పుడు చుట్టూ నీళ్ళే, వెంట్రుకల మధ్య గాలి లేదు. గాలి లేకపోతే పైపొర లేదు, లాగేది ఏదీ లేదు. అందుకే జుట్టు విచ్చుకుంటుంది.

ఈ బలం చాలా చిన్నది. మీటరు పొడవున్న అంచు మొత్తానికి సుమారు 7 గ్రాముల బరువంత. కర్రని ఏమీ చేయలేదు. కానీ పోగు మందం సగమైతే దాన్ని వంచడం 16 రెట్లు తేలికవుతుంది. నీటి లాగుడు మాత్రం సగమే తగ్గుతుంది. కాబట్టి సన్నబడేకొద్దీ నీళ్ళదే పైచేయి.

ఇది తెలిశాక మన ప్రాంతమంతా దీనికి ఉదాహరణలే కనిపించాయి. వాన వెలిశాక హంసలదీవి వైపు సరుగుడు చెట్ల సన్నటి రెమ్మలు కుచ్చులు కుచ్చులుగా అతుక్కుని ఉంటాయి. గిలకలదిండిలో నీళ్ళలో పరుచుకున్న వల పైకి తీయగానే పోగులన్నీ ఒకదానికొకటి అంటుకుంటాయి. పెడనలో కలంకారీ బట్ట కాలవలో ఉన్నంతసేపూ పరుచుకునే ఉంటుంది, ఎత్తగానే మడతలు అతుక్కుంటాయి.

మన సీఎస్‌ఈ వాళ్ళకి ఇదంతా ఎందుకంటారా? చిప్ తయారీలో సిలికాన్ మీద అతి సన్నని గీతల్లాంటి గోడలు నిలబెడతారు. కడిగి ఆరబెట్టేటప్పుడు మధ్యలో చిక్కిన నీళ్ళు వాటిని కూడా జుట్టులాగే వంచి అంటించేస్తాయి. అందుకే సర్ఫేస్ టెన్షన్ తక్కువుండే ఆల్కహాల్ వాడతారు, లేదా ద్రవానికీ వాయువుకీ తేడా లేని స్థితిలో కార్బన్ డయాక్సైడ్ పెట్టి అసలు పైపొరే లేకుండా ఆరబెడతారు. కాలవలో విచ్చుకున్న అమ్మమ్మ జుట్టు, ఈ పద్ధతి, రెండూ ఒకే సూత్రం.

1889 చివర్లో, 1890 మొదట్లో లండన్‌లో సి.వి. బాయ్స్ అనే శాస్త్రవేత్త పిల్లలకి ఉపన్యాసాలిచ్చాడు. ఈ విషయం చెప్పడానికి ఆయన వాడింది ఒక పెయింట్ బ్రష్. నీళ్ళలో ముంచితే వెంట్రుకలు విడిగా ఉంటాయి, బయటికి తీస్తే మొనలాగా కలుస్తాయి. ఆ పిల్లలు విన్నది వాళ్ళ ఇంటి భాషలో. మనకి ఆ అవకాశం ఎవరిస్తారు?

మన క్లబ్ పత్రికలో ప్రతిసారీ వాన మీద కవిత ఉంటుంది, అమ్మ భాష మీద వ్యాసం ఉంటుంది. నాకూ ఇష్టమే. కానీ తెలుగుని మనం పండగ బట్టల్లాగా దాచి, అప్పుడప్పుడూ కట్టుకుంటున్నాం. రోజూ చదివే చదువులోకి రానివ్వడం లేదు.

ఉద్యోగం ఇంగ్లీషులోనే కదా అంటారు. నిజమే, నేనూ ఇంగ్లీషులోనే పరీక్ష రాస్తాను. "తలతన్యత" అంటే ఎవరికి అర్థమవుతుంది అంటారు. అదీ నిజమే. సర్ఫేస్ టెన్షన్ అనే మాట అలాగే ఉంచండి, చుట్టూ ఉన్న వాక్యాలు తెలుగులో చెప్పండి చాలు. చెప్పగలిగితే మనకి అర్థమైనట్టు. తడబడితే ఎక్కడ తడబడ్డామో తెలుస్తుంది. ఇంతకంటే చవకైన పరీక్ష నాకు తెలీదు.

అందుకే ఎడిటర్లని అడుగుతున్నాను. సంచికకి ఒక్క పేజీ ఇవ్వండి. ఇంట్లోవాళ్ళు అడిగిన ఒక ప్రశ్న, దానికి మన జవాబు. షరతు ఒక్కటే: అడిగినవాళ్ళకి ముందు చదివి వినిపించాలి, అర్థమైంది అంటేనే వేసుకోవాలి.

నేను ఇది ఫోన్‌లో వినిపించాను. అమ్మమ్మ అంతా విని, "మరి నూనె రాసినా అంటుకుపోద్దే, అదీ ఇదేనా?" అంది.

పేజీ ఇస్తే వచ్చే సంచికలో రాస్తాను.