14,000 అడుగుల ఎత్తున ఊపిరి

తణుకు నుంచి ఒక గృహిణి రాసిన ఉత్తరం ఈ వారం నా ముందుంది. ఆవిడకు 56 ఏళ్ళు, భర్తకు 63. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న కొడుకు వేసవిలో ఇంటిల్లిపాదినీ లడఖ్ తీసుకువెళతానంటున్నాడట. శనివారం విమానంలో లే పట్టణం, ఆదివారం చైనా సరిహద్దు దగ్గర హాన్లే అనే పల్లె, సోమవారం ఇంకా పైకి ఉమ్లింగ్ లా కనుమ. "నాకు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. బి.పి. మాత్ర వేసుకుంటున్నాను. మావారికి షుగరు. కోడలికి నాలుగో నెల. మనవడికి మూడేళ్ళు. హాన్లేలో గాలి చాలా స్వచ్ఛంగా ఉంటుందనీ, అక్కడివాళ్ళకు జబ్బులే రావనీ చెబుతున్నారు. ఆ గాలికి నా ఆయాసం తగ్గుతుందా? అసలు అంత ఎత్తున మనుషులు ఎలా బతుకుతున్నారు డాక్టరుగారూ?" అని అడిగారు.

చివరి ప్రశ్న ముందు తీసుకుంటాను. దానికి జవాబు తెలిస్తే మిగతా ప్రశ్నలకు సగం జవాబు దొరికినట్టే.

హాన్లే సుమారు 14,000 అడుగుల ఎత్తున ఉంది. మన తిరుమల కొండ 2,800 అడుగులు. అంటే ఏడుకొండలవాడి కొండ లాంటివి అయిదు ఒకదాని మీద ఒకటి పేర్చాలన్నమాట. అక్కడి గాలిలో ప్రాణవాయువు ఉండదని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. సముద్రం ఒడ్డున గాలిలో నూటికి 21 పాళ్ళు ప్రాణవాయువు ఉంటే అక్కడా 21 పాళ్ళే. తగ్గేది గాలి ఒత్తిడి. గాలి పలచబడిపోతుంది కనుక ఒక్కొక్క శ్వాసకు మన ఊపిరితిత్తులకు చేరే ప్రాణవాయువు తగ్గిపోతుంది. కాకినాడలో ఒక శ్వాసకు రూపాయి వస్తోందనుకోండి, లేలో 65 పైసలు, హాన్లేలో 60 పైసలు. ఆ పైన 19,024 అడుగుల ఎత్తున సరిహద్దు రోడ్ల సంస్థ రోడ్డు వేసిన ఉమ్లింగ్ లాలో అర్ధరూపాయి. గాలి ఎంత శుభ్రమైనదైనా ఈ లెక్క మారదు.

ఈ 60 పైసలతో సంసారం నడపడానికి దేహం నానా అవస్థలూ పడుతుంది. శ్వాస వేగం పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది. మూత్రం ఎక్కువగా పోతుంది. నిద్రలో ఊపిరి కాసేపు ఆగి, మళ్ళీ గబగబా ఆడుతుంది. పక్కన పడుకున్నవాళ్ళు చూసి హడలిపోతారు. వారాల తరబడి అక్కడే ఉంటే రక్తంలో ఎర్రకణాలు పెరుగుతాయి. అవి మితిమీరి పెరిగితే రక్తం చిక్కబడి, అదే ఇంకో జబ్బు అవుతుంది. పెరూ దేశపు పర్వతాల్లో ఉండేవాళ్ళలో ఈ జబ్బును 1925లో కార్లోస్ మోంగే అనే వైద్యుడు గుర్తించాడు.

హాన్లే చుట్టుపక్కల ఉండే చాంగ్పాలు టిబెట్ జాతికి దగ్గరివారు. వాళ్ళ పూర్వీకులు వేల సంవత్సరాలుగా ఆ ఎత్తులోనే కని, పెంచి, పోయారు. ఆ ఎత్తుకు తట్టుకోలేనివాళ్ళ వంశాలు నిలవలేదు. నిలిచినవాళ్ళలో ఇ.పి.ఎ.ఎస్.1 అనే జన్యువు ఒక ప్రత్యేకమైన రూపంలో ఉందని 2010లో వెలువడిన పరిశోధనలు చెప్పాయి. దాని ప్రభావం వల్ల వాళ్ళ రక్తం మరీ చిక్కబడదు. ఈ ఆస్తి తాతముత్తాతల నుంచి వస్తుందే తప్ప, విమానం టిక్కెట్టుతో రాదు.

అయితే ఆ జన్యువు ఉన్నంత మాత్రాన వాళ్ళకు జబ్బులు రావనుకోవడం పొరపాటు. వాళ్ళ జీవితం ఎలా ఉంటుందో చూడండి. చలికాలంలో రాత్రిళ్ళు సున్నాకు దిగువన 25, 30 డిగ్రీలు. వాన చాలా తక్కువ. చెట్టన్నది కనిపించదు. ఆధారం మేకలూ, గొర్రెలూ, యాక్ అనే జడలబర్రెలూ. ఆ చలికి మేక ఒంటి మీద మొలిచే మెత్తటి బొచ్చే పష్మీనా. మన నగరాల్లో వేలకు వేలు పోసి కొనే శాలువ అదే. మేత కోసం ఏడాదికి నాలుగైదుసార్లు మకాం మారుస్తారు. డేరా యాక్ వెంట్రుకలతో నేసింది. వేయించిన బార్లీ పిండి ముఖ్యాహారం. తొలి ఏకాదశికి మనం చేసుకునే పేలపిండికి అది అన్న వరస అనుకోవచ్చు. దాంతో పాటు వెన్న, ఉప్పు వేసి చిలికిన టీ రోజుకు చాలా కప్పులు తాగుతారు.

ఆ టీ చలికి శక్తినిస్తుంది, నిజమే. ఉప్పు మాత్రం ఉప్పే. లడఖ్ లో రక్తపోటు తక్కువేమీ కాదు. ఇక డేరాలో, ఇంట్లో పొయ్యిలోకి పిడకలే వంటచెరకు. చలికి తలుపు తీయలేరు కనుక పొగంతా లోపలే. ఆ పొగ తాగేది ముఖ్యంగా ఆడవాళ్ళు. ఏళ్ళ తరబడి దగ్గు, కఫం పట్టుకుంటాయి. లే పరిసర గ్రామాల్లో గనిగాని, ఫ్యాక్టరీగాని లేకపోయినా, గని కూలీలకు వచ్చే దుమ్ము జబ్బు లాంటిది ఊపిరితిత్తుల్లో కనిపించిందని 1991లో వైద్యులు ప్రకటించారు. ఇసుక తుఫానుల దుమ్ము ఒకవంక, ఇంటి పొగ ఒకవంక. పొగా దుమ్మూ లేని చోటని మీకు చెప్పినవాళ్ళు అక్కడి వంటింట్లో కూర్చోలేదు!

ఎండ సంగతి వేరే చెప్పాలి. ఎత్తుకు పోయేకొద్దీ అతినీలలోహిత కిరణాలు పెరుగుతాయి, మంచు మీద పడి తిరిగి కంట్లో కొడతాయి. పీఠభూమి ప్రజల్లో శుక్లాలు మనకంటే ముందు వస్తాయి.

కాన్పుల మాట సరేసరి. ఎత్తు 1,000 మీటర్లు పెరిగితే పుట్టే బిడ్డ బరువు సగటున నూరు గ్రాములు తగ్గుతుందని లెక్క. టిబెట్ జాతి తల్లుల బిడ్డలకు ఈ నష్టం తక్కువే గాని, కాన్పు కష్టమైతే పెద్దాసుపత్రి లేలో ఉంది, దారి 250 కిలోమీటర్లు. చాంగ్ థాంగ్ లోనే ఖర్నాక్ అనే ప్రాంతం నుంచి చాలా కుటుంబాలు మందలు అమ్ముకుని లే శివార్లకు చేరాయి. పిల్లలకు బడి, ముసలివాళ్ళకు వైద్యం కావాలన్నది అందుకు చెప్పే కారణాల్లో ముఖ్యమైనది. ఆ గాలే సర్వరోగ నివారిణి అయితే వాళ్ళెందుకు దిగివస్తారు?

హాన్లేలో ఇంకో విశేషం ఉంది. ఊరి పక్క కొండ మీద 2000 సంవత్సరంలో పెద్ద టెలిస్కోపు పెట్టారు. ఆకాశం అంత నిర్మలం కనుకనే 2022లో ఆ ప్రాంతాన్ని చీకటి ఆకాశపు రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. మీ అబ్బాయి చూడాలనుకున్నది ఆ నక్షత్రాలనే అయివుంటుంది. కాని ఆ టెలిస్కోపును శాస్త్రజ్ఞులు ఎక్కడ కూర్చుని నడుపుతారో తెలుసా? బెంగుళూరు దగ్గర హోస్కోటలో, ఉపగ్రహం ద్వారా!

ఇక మనలాంటి మైదానంవాళ్ళు హడావుడిగా పైకి వెళితే ఏమవుతుందో మన సైన్యం కష్టపడి నేర్చుకుంది. 1962 యుద్ధకాలంలోనూ, ఆ తరవాతా మైదానాల నుంచి జవాన్లను త్వరత్వరగా ఎత్తులకు చేర్చవలసివచ్చింది. గుండెజబ్బు లేని దృఢమైన యువకులు ఊపిరితిత్తుల్లో నీరు చేరి పడిపోయారు. ఎత్తు జబ్బు పడిన 1,925 మంది జవాన్ల అనుభవాన్ని మన సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1969లో ప్రకటించారు. ప్రపంచమంతా దాన్ని చదివింది. ఫలితంగా సైన్యంలో ఒక పద్ధతి ఏర్పడింది. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, అక్కడి నుంచి 15,000 వరకు నాలుగు రోజులు, ఆ పైకి మరో నాలుగు రోజులు ఆగి దేహాన్ని అలవాటు చేసుకోవాలి. 2020 జూన్ లో గల్వాన్ లోయలో సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు అమరుడైనప్పటి నుంచి లడఖ్ పేరు మన ఇళ్ళలో అందరికీ తెలుసు. అక్కడ కాపలా కాసే ఇరవై ఏళ్ళ కుర్రవాడికే మొదటి మెట్టున ఆరు రోజులు అవసరమైతే, మీకూ మీవారికీ ఒక్క రాత్రి ఎలా సరిపోతుందమ్మా?

కనుక శని, ఆది, సోమవారాల ఆ పథకం రద్దు చేయించండి. కోడల్ని ఈసారి తీసుకువెళ్ళవద్దు. నాలుగో నెలలో 14,000 అడుగుల ఎత్తు, 250 కిలోమీటర్ల కొండదారి, అందుబాటులో లేని ఆసుపత్రి, ఈ మూడూ కలిసిన చోట గర్భిణికి పని లేదు. మీ ఆయాసం విషయం: ఆయాసం ఒక గుర్తు మాత్రమే, జబ్బు వెనక దాగి ఉంటుంది. గుండెది కావచ్చు, ఊపిరితిత్తులది కావచ్చు, మన ఆడవాళ్ళలో మరీ సామాన్యమైన రక్తహీనత కావచ్చు. ముందు హిమోగ్లోబిన్, ఇ.సి.జి., ఛాతీ ఎక్స్ రే, అవసరమైతే ఎకో చేయించుకోండి. కారణం తేలి, అదుపులోకి వచ్చేవరకు మీరు లే కూడా వెళ్ళకూడదు. 60 పైసల చోట ఆయాసం పెరుగుతుందే గాని తగ్గదు. రక్తపోటు అదుపులో ఉన్నవాళ్ళు వెళ్ళవచ్చు, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. మీవారు ఇన్సులిన్ వాడుతుంటే చలికి అది గడ్డకట్టకుండా చొక్కా లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. చక్కెర చూసే మీటరు కూడా చలికి తప్పు లెక్క చూపించవచ్చు.

మూడేళ్ళ పసివాడికి తలనొప్పి అని చెప్పడం రాదు. తిండి మానేసి, ఊరికే పేచీ పెట్టి, ఆడుకోకుండా మూలకు చేరితే అది ఎత్తు జబ్బేనని అనుకోవాలి. కారణం ఇంకేదైనా అని తేలేదాకా ఆ అనుమానం వదలకూడదు. నన్నడిగితే వాణ్ణి హాన్లే దాకా తీసుకువెళ్ళకపోవడమే మంచిది.

మన్యంలోనూ, ఆదిలాబాద్ ప్రాంతంలోనూ సికిల్ సెల్ లక్షణం ఉన్న కుటుంబాలు ఉన్నాయి. జబ్బు లేకుండా ఆ లక్షణం మాత్రమే ఉన్నవాళ్ళకు కూడా అంత ఎత్తున ప్లీహం దెబ్బతిని ఎడమ డొక్కలో విపరీతమైన నొప్పి రావచ్చు. ఆ ప్రాంతాల యువకులు లడఖ్ వెళ్ళే ముందు రక్తపరీక్ష చేయించుకోవడం అవసరం.

ఆరోగ్యవంతులు వెళ్ళదలిస్తే విమానం దిగాక లేలో కనీసం రెండు పూర్తి రోజులు విశ్రాంతి తీసుకోవాలి. మూడైతే మరీ మంచిది. బజారు తిరుగుళ్ళు కూడా తరవాతే. 10,000 అడుగులు దాటాక, ఈ రాత్రి నిద్రపోయే చోటు నిన్నటి చోటు కంటే 1,500 అడుగులకు మించి ఎత్తు ఉండకూడదు. లే 11,500, హాన్లే 14,000. కనుక దారిలో ఒక మజిలీ తప్పదు. అసిటజోలమైడ్ అనే మాత్ర దేహం అలవాటుపడటానికి సాయం చేస్తుంది. సల్ఫా మందులు పడనివాళ్ళకు ప్రమాదం కనుక మీ డాక్టరుగారు రాసిస్తేనే వాడాలి. మద్యం, నిద్రమాత్రలు పూర్తిగా నిషిద్ధం. కరోనా రోజుల్లో కొన్న ఆక్సీమీటరు వెంట తీసుకువెళ్ళండి గాని, అక్కడ 85 దగ్గర అంకె కనిపిస్తే గాభరా పడకండి. మనిషిని చూడండి.

మనిషిలో ఏం చూడాలి? తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం ఉంటే ఆ రోజు పైకి కదలకూడదు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, పెదవులు నీలిగా మారడం, నురగతో కఫం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని అర్థం. మాట తడబడినా, గచ్చు మీద గీత వెంట మడమకు వేలు ఆనించి నడవమంటే తూలిపోయినా మెదడు వాచిందని అర్థం. ఈ రెంటికీ అసలు మందు కిందికి దిగిపోవడమే. తెల్లవారనిద్దాం అనకండి, రాత్రయినా, జీపు కిరాయి ఎంతైనా దిగాలి. దారిలో ప్రాణవాయువు పెట్టాలి. బజారులో అమ్మే చిన్న ప్రాణవాయువు డబ్బాలు నిమిషాల్లో అయిపోతాయి. వాటిని నమ్ముకుని పైన ఉండిపోవద్దు.

వంట విషయం. ఆ ఎత్తున నీళ్ళు 85, 86 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో పప్పు ఎంతకీ ఉడకదు. లడఖ్ ఇళ్ళలో ప్రెషర్ కుక్కర్ విలాసవస్తువు కాదు. సగం ఉడికిన అన్నం తిని కడుపునొప్పి వస్తే దాన్ని కూడా ఎత్తు జబ్బు ఖాతాలో వేసేవాళ్ళున్నారు.

రాత్రి పడుకునేటప్పుడు గదిలో బొగ్గుల కుంపటిగాని, పొగగొట్టం సరిగా లేని పొయ్యిగాని వెలిగించి తలుపులు బిగించుకోకండి. బొగ్గుపులుసు గాలి కంటే ప్రమాదమైన విషవాయువు ఒకటి దాంట్లో పుడుతుంది. దానికి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. దానివల్ల వచ్చే తలనొప్పి కూడా ఎత్తు జబ్బు తలనొప్పిలాగే ఉంటుంది. పొయ్యి ఆర్పి, కిటికీ జానెడు తెరిచి, ఇంకో రెండు రగ్గులు అడిగి కప్పుకోండి.