పాత కారు కొన్నారా? ముందు ఛాసిస్ నంబరు చూడండి!

సంతలో వంకాయలు కొనేటప్పుడు పుచ్చులున్నాయేమోనని తిప్పి తిప్పి చూస్తాం. కుండ కొంటే వేలితో కొట్టి చూస్తాం. పట్టుచీరైతే వెలుతురులోకి తీసుకెళ్లి మరీ జరీ చూస్తాం. మరి లక్షలు పోసి సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు మాత్రం "ఆయన చూసుకుంటార్లే" అని ఊరుకుంటాం! ఆయనేమో రంగు చూస్తారు, సీటు కవర్లు చూస్తారు, ఏసీ వేసి చూస్తారు, ఊళ్లో ఓ రౌండు కొట్టొస్తారు. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది ఇంకొకటుందని చాలామందికి తెలీదు. అదే రీకాల్. ఈ వారం ఆ సంగతి చెప్పుకుందాం.

మా కొడవలూరు వైపు వాళ్లకి చెన్నై - కోల్‌కతా హైవే తప్పదు. నెల్లూరులో ఆసుపత్రికైనా, తిరుపతి ప్రయాణమైనా ఆ లారీల మధ్యనే పోవాలి. పొలం గట్ల పక్క దారులకీ, రొయ్యల గుంటల దాకా పోవడానికీ బాగుంటుందని కాస్త ఎత్తుగా ఉండే చిన్న ఎస్‌యూవీలు చాలామంది తీసుకున్నారు. అప్పట్లో కొత్తగా కొన్న ఆ బండ్లు పదేళ్లు దాటి ఇప్పుడు రెండో చేతికీ, మూడో చేతికీ వస్తున్నాయి.

అసలు రీకాల్ అంటే ఏమిటి?

ఒకే రోజు పెట్టిన ఆవకాయలో ఒక జాడీ బూజు పడితే ఏం చేస్తాం? మిగతా జాడీలు కూడా మూత తీసి చూస్తాం కదా! ఇదీ అంతే. ఫలానా నెలల్లో తయారైన బండ్లలో ఫలానా భాగం బాగోలేదని తేలితే, కంపెనీ ఆ బండ్లన్నిటినీ సర్వీసు సెంటర్‌కి పిలిచి చూస్తుంది. అవసరమైతే ఆ భాగం మారుస్తుంది. దానికి మన దగ్గర డబ్బు తీసుకోదు.

చిక్కెక్కడంటే, ఆ కబురు కంపెనీ దగ్గరున్న పేరుకీ, ఫోను నంబరుకీ వెళ్తుంది. అంటే చాలాసార్లు మొదట కొన్నవాళ్లకి. వాళ్లు పట్టించుకోకుండా బండి అమ్మేశారనుకోండి, లోపం మన ఇంటికొస్తుంది, కబురు మాత్రం రాదు. కానీ రీకాల్ మనిషి పేరు మీద ఉండదు, బండి ఛాసిస్ నంబరు మీద ఉంటుంది. కాబట్టి ఎన్ని చేతులు మారినా అడిగే హక్కు మీకుంది.

ఒక్క బండికి ఎన్ని రీకాల్‌లో చూడండి

మన రోడ్ల మీద బాగా కనిపించే ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌నే తీసుకుందాం. చెన్నై దగ్గర మరైమలై నగర్‌లో తయారై 2013 జూన్‌లో అమ్మకానికొచ్చింది. ఆ ఏడాదే 972 డీజిల్ బండ్లను గ్లో ప్లగ్ మాడ్యూల్ మార్చడానికి పిలిచారు. చల్లగా ఉన్న ఇంజన్ స్టార్టయ్యేందుకు వేడి అందించే ఏర్పాటు అది. 2014లో 20,752 బండ్లను పిలిచారు. అందులో ఒక కారణం ఇంధనం, ఇంధనపు ఆవిరి పోయే గొట్టాలకి తుప్పు పట్టే అవకాశం. 2015 నవంబరులో 16,444 బండ్లకి వెనక చక్రాల మధ్యనుండే బీమ్ బోల్టులు చూడాలన్నారు. 2016లో సుమారు 48 వేల డీజిల్ బండ్లకి ఇంధనం గొట్టాన్నీ, బ్రేకు గొట్టాన్నీ పట్టి ఉంచే క్లిప్పు మార్చాలన్నారు. 2018లో, ముందు ఏడాది మే, జూన్ నెలల్లో తయారైన 4,379 బండ్లకి ముందు చక్రాల కంట్రోల్ ఆర్మ్ వెల్డింగ్ చూడాలన్నారు. అది గట్టిగా లేకపోతే స్టీరింగ్ మాట వినదు.

ఈ చిట్టా చూసి ఎకోస్పోర్ట్ చెడ్డ బండి అనుకోకండి. లోపం బయటపెట్టి పిలిచి బాగుచేయడం మంచిదే. పిలిచినా వెళ్లకపోవడమే ప్రమాదం. పైగా ఈ బండ్లన్నీ మన దగ్గరే తిరిగాయనుకుంటున్నారా? అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్ట్‌లు కూడా చెన్నైలో తయారై ఓడెక్కినవే. అక్కడ 2023 చివర్లో 1.0 లీటర్ పెట్రోలు ఇంజనున్న ఎకోస్పోర్ట్, ఫోకస్ కార్లు కలిపి దాదాపు 1 లక్షా 40 వేలు రీకాల్ చేశారు. ఇంజన్‌లో ఆయిల్ పంపును తిప్పే బెల్టు అరిగిపోయినా, దాని టెన్షనర్ విరిగినా ఆయిల్ ప్రెషర్ పడిపోతుంది. ఇంజన్ పట్టేస్తుంది, బ్రేకుకి బలం తగ్గుతుంది. మన దగ్గరా 1.0 లీటర్ పెట్రోలు బండ్లు అమ్మారు. మీది అదైతే ఈ బెల్టు సంగతి మెకానిక్‌ని ప్రత్యేకంగా అడగండి.

ఫోర్డ్ మన దేశంలో కార్ల తయారీ ఆపేస్తున్నట్టు 2021 సెప్టెంబరులో ప్రకటించింది. సర్వీసు, విడిభాగాలు ఇస్తూనే ఉంటామని అప్పుడే చెప్పింది. కాబట్టి "కంపెనీయే పోయిందిగా, ఎవర్నడుగుతాం" అని కూర్చోవద్దు.

సముద్రపు గాలి సంగతి

తుప్పు మనకి మరీ దగ్గర చుట్టం. సముద్రం పక్క ఊళ్లలో కిటికీ ఊచలకీ, గ్యాస్ స్టవ్వు కాళ్లకీ ఎంత తొందరగా తుప్పు పడుతుందో మీకు నేను చెప్పాలా? బండి అడుగు భాగమూ ఇనుమే. మైపాడు బీచికి వెళ్లొచ్చినా, రొయ్యల గుంటల నుంచి ఉప్పునీళ్లు కారే డబ్బాలు తెచ్చినా, మర్నాడే మంచినీళ్లతో బండి అడుగంతా కడిగించండి. పైన మెరిసేలా తుడిచి అడుగు వదిలేస్తే మొహానికి పౌడరు రాసి కాళ్లు కడుక్కోనట్టే! వానాకాలం వెళ్లాక షెడ్డులో బండి పైకెత్తించి ఇంధనం గొట్టాలు, బ్రేకు గొట్టాలు, వాటి క్లిప్పులు చూపించుకోండి.

ఇంట్లోనే కనిపెట్టే గుర్తులు

రాత్రి బండి నిలిపే చోట కింద ఓ పాత అట్ట పరవండి. పొద్దున ముగ్గేసేటప్పుడు ఓ చూపు చూస్తే చాలు.

1. నల్లటి జిడ్డు మరకైతే ఇంజన్ ఆయిలు.

2. ఆకుపచ్చగానో, గులాబీ రంగులోనో ఉండి తియ్యటి వాసనొస్తే కూలెంట్. అది విషం. పిల్లలూ, కుక్కలూ తాకకుండా వెంటనే కడిగేయండి.

3. చక్రం దగ్గర లేత పసుపు జిడ్డు కనబడితే బ్రేకు ఆయిలు కావచ్చు. మెకానిక్ చూసేదాకా బండి తియ్యొద్దు.

4. డీజిలు, పెట్రోలు వాసనొచ్చినా అంతే. మెకానిక్‌నే ఇంటికి పిలిపించండి.

5. ఉత్త నీళ్లయితే ఏసీవి, భయం లేదు.

ఇక నడుస్తున్నప్పుడు స్పీడ్ బ్రేకర్ల మీద "టక్ టక్" అంటే సస్పెన్షన్ బుష్షులో, లింకులో అరిగాయన్నమాట. పాత బండ్లలో మామూలే, ఖర్చూ మరీ ఎక్కువుండదు, కానీ వదిలేస్తే టైర్లు తినేస్తుంది. క్లచ్ బాగా పైకొచ్చాక గానీ బండి కదలకపోయినా, ఇంజన్ అరుస్తున్నా వేగం రాకపోయినా క్లచ్ ప్లేటు అరిగినట్టు. డీజిల్ ఎకోస్పోర్ట్‌కి టైమింగ్ బెల్టు ఉంటుంది. అది తెగితే ఇంజనే పోతుంది. పాత యజమాని ఎప్పుడు మార్పించారో బిల్లుతో సహా అడగండి. బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క.

స్టీరింగ్ ముందు ఎర్రదీపం వెలిగితే "ఇంటికెళ్లాక చూద్దాం" అనొద్దు. ముఖ్యంగా నూనె గిన్నెలా ఉండే ఎర్ర గుర్తు ఆయిల్ ప్రెషర్‌ది. వెంటనే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయాలి. ఇంజన్ వేడెక్కితే రేడియేటర్ మూత తియ్యనే తియ్యొద్దు. ఆవిరి నిండిన ప్రెషర్ కుక్కర్ మూత లాగేస్తామా? ఇదీ అంతే.

ఎయిర్‌బ్యాగుల మాట

తకాటా అనే జపాన్ కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల వల్ల ప్రపంచమంతా కోట్ల బండ్లు రీకాల్ అయ్యాయి. ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలి లోపలి మందు పాడై, బ్యాగు తెరుచుకునేటప్పుడు ఇనుప ముక్కలు ఎగిరి మనుషులు చనిపోయారు. వేడి, తేమ అంటే మన కోస్తా వాతావరణమే కదా! మన దేశంలో హోండా ఈ కారణంగా చాలాసార్లు కార్లను పిలిచింది. 2018 జనవరిలో 2013లో తయారైన 22,834 కార్లను పిలిచింది. 2019లో పిలిచినవాటిలో పాత సీఆర్‌వీ ఎస్‌యూవీలు కూడా ఉన్నాయి. ఇలాంటి పాత బండి ఇంట్లో ఉంటే ఇవాళే కనుక్కోండి. అన్నట్టు, ఎయిర్‌బ్యాగు మూత మీద దేవుడి బొమ్మలు అతికించొద్దు. ముందు సీట్లో పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు. సీటు బెల్టు లేకుండా ఎయిర్‌బ్యాగు ఒక్కటే కాపాడదు.

ఇప్పుడేం చేయాలి?

బీరువాలోంచి ఆర్.సి. తీయండి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు ఉంటుంది. బండి మీద చెక్కిన నంబరుతో సరిపోయిందో లేదో చూడండి. తర్వాత కంపెనీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసో, అసలు కంపెనీ సర్వీసు సెంటర్‌కి వెళ్లో రెండే ప్రశ్నలడగండి: "ఈ నంబరు మీద రీకాల్ ఏదైనా ఉందా? ఉంటే ఆ పని అయిందా?" అయిపోతే కాగితం మీద రాయించుకోండి. కాకపోతే ఎప్పుడు చేస్తారో తేదీ తీసుకోండి. మీ ఫోను నంబరు కూడా వాళ్ల దగ్గర ఎక్కించండి, ఈసారి కబురు మీకే వస్తుంది.

2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి నిబంధనలు అమలయ్యాయి. అయితే అవి ఏడేళ్ల లోపు బండ్లకే. అంతకంటే పాత బండి విషయంలో ఎవరూ మన తలుపు తట్టరు. మనమే అడిగి తెలుసుకోవాలి.

ఇంకా కొననివాళ్లయితే మరీ మంచిది. అడ్వాన్సు ఇచ్చేముందే ఆ నంబరు అడిగి ఫోన్ చేయండి. నంబరు చెప్పడానికి నసిగేవాళ్ల దగ్గర బండి కొననే కొనొద్దు.

వచ్చేవారం: ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైతే కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతుంది?